ఐదు వాట్లెందుకు, అర వాటు చాలదా?

చేతిలో ఇమిడే రేడియోను, అంటే మనమందరం వాకీటాకీ అని పిలుచుకొనే యంత్రాన్ని, కొనబోయేవారు దుకాణంలో మొట్టమొదట వేసే ప్రశ్న "ఇది ఎన్ని వాట్లు?" అని. ఐదు వాట్లని చెబితే మూడు వాట్లది పక్కన పెడతారు. ఎనిమిదని చెబితే ఐదింటిది తిరిగి అరలోకి వెళ్ళిపోతుంది. వాట్లు పెరిగినకొద్దీ మాట దూరం పోతుందని మనకొక గట్టి నమ్మకం. ఈ వ్యాసం దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తుంది. చవుకగా దొరికే చేతి రేడియో ప్రసారశక్తిని కావాలని తగ్గించడం ఎందుకు, ఎట్లా అన్నది ఇందులోని విషయం. వినడానికి వింతగా ఉన్నా, ఈ పని చేసేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారి కారణాలు వాడి కబీర్‌లో నివసించే మనకు తొందరగా అర్థమవుతాయి.

అరబ్బీలో వాడి కబీర్ అంటే పెద్ద వాగు లోయ. రువిని ఆనుకొని, చుట్టూ చెట్టు చేమ లేని నల్లని కొండల నడుమ ఉన్న ఈ పేటలో పాఠశాలలు, మరమ్మతు కర్మాగారాలు, మన కాపురాలు అన్నీ ఒకే గిన్నెలో పోసినట్లుంటాయి. ఈ గిన్నెలో ఒక అంచున ఒకరు, మరొక అంచున మరొకరు నిలబడి మాట్లాడుకోవాలంటే అర వాటు రేడియో చక్కగా సరిపోతుంది. అదే కొండకు ఆవల ఉన్న మత్రా తీరంలోని మిత్రునితో మాట్లాడాలంటే, ఎంతో దూరం కాకపోయినా, ఐదు వాట్ల రేడియో కూడా మూగబోవచ్చు. ఈ యంత్రాలు వాడే తరంగాలు ఇంచుమించు వెలుతురులాగే సూటిగా ప్రయాణిస్తాయి. కొండ అడ్డు వస్తే దాని శిఖరం మీదుగా కొద్దిపాటి శక్తి మాత్రమే వంగి అవతలికి చేరుతుంది. ఆ వంపులో శక్తి వెయ్యోవంతుకో, అంతకంటె తక్కువకో పడిపోవడం సర్వసాధారణం. వెయ్యి రెట్ల నష్టం ఎదురుగా ఉన్నప్పుడు అర వాటును ఐదు వాట్లు చేసి సాధించే పది రెట్ల లాభం ఏపాటిది?

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. రెండు కొండ శిఖరాల నడుమ అడ్డు ఏమీ లేదనుకొందాము. దూరం పది కిలోమీటర్లు, పౌనఃపున్యం 446 మెగాహెర్ట్జ్, ప్రసారశక్తి అర వాటు. చేతి రేడియోల పొట్టి యాంటెన్నాలు ఒక్కొక్కటి శక్తిలో ముప్పాతిక వంతు వృథా చేస్తాయని అనుకొన్నా, అవతలి గ్రాహకానికి అందే సంకేతం అది వినగల కనీసపు సంకేతానికి దాదాపు వెయ్యి రెట్లుంటుంది. అంటే అర వాటు కూడా అక్కడ అధికమే. ఇక నేల మీద నిలబడితే కథ మారుతుంది. నేలను తాకి పైకి లేచిన తరంగం సూటిగా వచ్చిన తరంగంతో కలిసి దానిని చాలవరకు రద్దు చేస్తుంది. ఫలితంగా సంకేతం దూరపు వర్గాన్ని బట్టి కాక చతుర్ఘాతాన్ని బట్టి క్షీణిస్తుంది. దూరం రెట్టింపయితే శక్తి పదహారో వంతవుతుందన్నమాట. కోనసీమ వరిచేల వంటి చదునైన బయలులో, ఒకటిన్నర మీటరు ఎత్తున రేడియో పట్టుకొన్న ఇద్దరి విషయంలో ఈ లెక్క అర వాటుకు మూడున్నర కిలోమీటర్లు, ఐదు వాట్లకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు చూపిస్తుంది. శక్తి పది రెట్లు పెంచినా దూరం రెట్టింపు కూడా కాలేదని పాఠకులు గమనించగలరు. వీధులు, గోడలు, కొబ్బరి చెట్లు అడ్డు వస్తే రెండు అంకెలూ ఇంకా కుంచించుకు పోతాయి. వాటి నిష్పత్తి మాత్రం అంతగా మారదు.

ఈ లెక్కలోనే ఇంకొక చమత్కారం దాగి ఉన్నది. నేల మీది ప్రసారంలో యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే అవతల అందే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఒకటిన్నర మీటరు నుండి నాలుగు మీటర్ల డెబ్బయి సెంటీమీటర్లకు ఎక్కితే పది రెట్లు! మన ఇంటి మొదటి అంతస్తు డాబా ఎక్కిన మనిషి తన అర వాటు రేడియోను ఐదు వాట్లది చేసుకొన్నట్లే. ఖర్చు లేదు, బ్యాటరీ వేడెక్కదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. మెట్లు ఎక్కే ఓపిక ఉంటే చాలు. 1977లో బయలుదేరిన వాయేజర్-1 వ్యోమనౌక ఇరవై చిల్లర వాట్ల ప్రసారిణితోనే 2,400 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరం నుండి మనకు వార్తలు పంపుతున్నది. అక్కడ అద్భుతమంతా వాట్లలో లేదు. దారిలో అడ్డు లేకపోవడంలోను, భూమి మీద దాని కోసం చెవి ఒగ్గి ఉన్న బ్రహ్మాండమైన యాంటెన్నాలలోను ఉన్నది.

శక్తి ఎక్కువైతే వచ్చే నష్టమేమిటని అడగవచ్చు. ఎక్కువ ఉంటే ఉండనీ, పడి ఉంటుంది కదా అని మనవారి ధోరణి. నష్టం మనకు కాదు, ఇతరులకు. ఈ రేడియోలు ఎఫ్.ఎం. పద్ధతిలో పనిచేస్తాయి. ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ఏకకాలంలో మాట్లాడితే ఎఫ్.ఎం. గ్రాహకం ఇద్దరి మాటలనూ కలిపి వినిపించదు. బలమైన సంకేతాన్ని పట్టుకొని బలహీనమైన దానిని పూర్తిగా అణచివేస్తుంది. గదిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే కనీసం గోల అయినా వినబడుతుంది, రెండో మనిషి ఉన్నాడని తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు. తక్కువ శక్తిగల రేడియోతో సహాయం కోరుతున్న మనిషి గొంతు మాయమైపోతుంది. మాయమైనట్లు నొక్కినవానికి తెలియదు, విననివానికీ తెలియదు. 2007 జూన్‌లో గోను తుపాను మస్కట్ మీద విరుచుకుపడి వాగులన్నీ నదులై పారినప్పటి సంగతి ఇక్కడి పాతకాపులకు గుర్తే. అటువంటి వేళ ఆకాశంలో చోటు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షాన శ్రీమతి భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో రేడియో కేంద్రం నడుపుతూ ఉండగా 26వ తేదీన సునామీ వచ్చిపడింది. అభిరుచి కోసం వెళ్ళినవారు అప్పటికప్పుడు ద్వీపాలకు, ప్రధాన భూభాగానికి మధ్య వార్తావాహకులయ్యారు. ఆ ప్రసారాలు దూరదేశాలకు పోయే హ్రస్వ తరంగాల మీద జరిగినవి. మన చేతి రేడియోల కోవలోనివి కావు. అయినా సూత్రం ఒక్కటే. ఒకరు పిలుస్తున్నప్పుడు మిగిలినవారు మౌనంగా ఉండగలిగితేనే ఆ పిలుపు చేరుతుంది.

చిన్న ఇబ్బందులు సరేసరి. మన ఉగాది సభలలో కార్యకర్తలు వేదిక పక్కనే నిలబడి ఐదు వాట్ల రేడియో మీట నొక్కితే, లౌడుస్పీకరు యంత్రం ఆ తరంగాన్ని మింగి గుప్పున చప్పుడు చేస్తుంది. పద్యం చదువుతున్న పిల్లవాడు ఉలిక్కిపడతాడు. వందడుగుల హాలులో వంటవానిని పిలవడానికి ఐదు వాట్లు పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. ఈ కారణాలన్నీ ఆలోచించే ఐరోపా దేశాలు 1998లో 446 మెగాహెర్ట్జ్ వద్ద సామాన్యులకు వదిలిన పట్టీలో శక్తిని అర వాటుకు పరిమితం చేశాయి. యాంటెన్నా కూడా యంత్రానికే అతుక్కొని ఉండాలన్నాయి. భారతదేశంలో 2018 నిబంధనలు 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకు స్వల్పశక్తి యంత్రాలకు లైసెన్సు మినహాయింపు ఇచ్చాయి. యంత్రానికి ఆమోద ధ్రువపత్రం మాత్రం తప్పనిసరి. ఆన్‌లైన్ దుకాణాలలో వాకీటాకీలు అడ్డూ ఆపూ లేకుండా అమ్ముడుపోవడం చూసి, 2025లో అక్కడి వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రత్యేక మార్గదర్శకాలే వెలువరించింది. ఒమాన్‌లో ఈ వ్యవహారం 2002లో ఏర్పడిన టెలికమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ చేతిలో ఉన్నది. ఇక్కడికి ఏ ప్రసార యంత్రాన్నయినా తేదలచినవారు, వాడదలచినవారు ముందుగా ఆ సంస్థ నియమాలు తెలుసుకొని తీరాలి. సెలవుల నుండి తిరిగి వస్తూ పెట్టెలో ఒక జత వేసుకొని రావడం మంచిది కాదు.

ఇక యంత్రం మూత విప్పి లోపలికి చూద్దాము. 2012లో వచ్చిన బావోఫెంగ్ యూవీ-5ఆర్ గాని, అంతకంటె చవుకైన అదే సంస్థవారి బీఎఫ్-888ఎస్ గాని, నిర్మాణ క్రమం ఇంచుమించు ఒకటే. ఒక చిన్న చిప్పు కావలసిన పౌనఃపున్యంలో బలహీనమైన తరంగాన్ని పుట్టిస్తుంది. దానిని ఒకటి రెండు ట్రాన్సిస్టర్లు పెంచుతాయి. చివరి ట్రాన్సిస్టరు, మోస్‌ఫెట్ జాతిది, దానిని వాట్ల స్థాయికి తెస్తుంది. ఆ తరువాత తీగచుట్టలు, కెపాసిటర్లతో కూడిన వడపోత. ఆపైన యాంటెన్నా. చివరి ట్రాన్సిస్టరుకు ద్వారం వంటి ఒక కాలు ఉంటుంది. ఆ కాలికి ఇచ్చే వోల్టేజి ఒక హద్దు దాటితేనే విద్యుత్తు పారడం మొదలవుతుంది. హద్దు దాటినకొద్దీ ప్రవాహమూ, ప్రసారశక్తీ పెరుగుతాయి. ఊరి చెరువు తూము తలుపు వంటిదిది. తలుపు ఎంత ఎత్తితే కాలువలో నీరంత. మనం చేయబోయేదల్లా ఆ తలుపును కొంచెం కిందికి దించడమే.

అయితే స్క్రూడ్రైవరు పట్టక ముందే చూడవలసినది ఒకటున్నది. చాలా రేడియోలలో ఎక్కువ శక్తి, తక్కువ శక్తి అని రెండు మెట్లు ఇచ్చి ఉంటారు. యూవీ-5ఆర్‌లో మీటలతోనే మార్చవచ్చు. తెర లేని 888ఎస్ వంటి వాటిలో కంప్యూటరుకు తగిలించి మార్చాలి. ఇందుకు చిర్ప్ అనే ఉచిత కార్యక్రమం ఉన్నది. తక్కువ మెట్టు సామాన్యంగా ఒక వాటు చుట్టుపక్కల ఉంటుంది. చాలామందికి ఇంతటితో పని తీరిపోతుంది. తీరితే యంత్రాన్ని విప్పకపోవడమే ఉత్తమం.

ఇంకా తగ్గించాలంటే రెండు దారులు. మొదటిది యాంటెన్నాకు, యంత్రానికి నడుమ శక్తిని తినివేసే నిరోధాల జాలాన్ని పెట్టడం. శక్తిని పదో వంతు చేయడానికి 50 ఓమ్‌ల మార్గంలో మూడు రెసిస్టర్లు కావాలి. మార్గం వెంట 71 ఓమ్‌లది ఒకటి, దాని రెండు కొనల నుండి భూమికి 96 ఓమ్‌లవి రెండు. బజారులో దొరికే 68, 100 ఓమ్‌లతో సరిపెట్టుకోవచ్చు. లెక్క సులువే గాని వేడి సంగతి మరువరాదు. ఐదు వాట్లలో నాలుగున్నర వాట్లు ఈ మూడింటిలోనే ఖర్చవుతాయి. యంత్రం వైపు రెసిస్టరు ఒక్కటే 2.6 వాట్లు భరించాలి. పావు వాటు రెసిస్టరు పెడితే క్షణాలలో మాడిపోతుంది. తీగ చుట్టిన రెసిస్టర్లు అసలే పనికిరావు, ఈ పౌనఃపున్యాల వద్ద అవి తీగచుట్టల్లాగే ప్రవర్తిస్తాయి. ఇంకొక లోపం, ఈ జాలం వచ్చే సంకేతాన్నీ పదో వంతు చేస్తుంది. ఇద్దరి రేడియోలకూ తగిలిస్తే ఇద్దరికీ నూరో వంతే మిగులుతుంది. బ్యాటరీ కూడా ఎప్పటివలెనే ఖర్చవుతుంది. ఏ విధంగా చూసినా ఇది ప్రయోగశాల బల్ల మీద పరీక్షలకు తగిన పద్ధతి, చేతిలో పట్టుకొని తిరగడానికి కాదు.

రెండవది పైన చెప్పిన తూము తలుపు పద్ధతి. నియంత్రణ చిప్పు నుండి మోస్‌ఫెట్ ద్వారానికి పోయే వోల్టేజి దారిలో సాధారణంగా ఒక రెసిస్టరు ఉంటుంది. ద్వారం వైపు నుండి భూమికి మరొక రెసిస్టరు కలిపితే వోల్టేజి ఆ రెండింటి మధ్య పంచుకోబడుతుంది. ఉదాహరణకు 3 వోల్టులు 4.7 కిలో ఓమ్‌ల గుండా వస్తున్నవనుకొందాము. భూమికి 10 కిలో ఓమ్‌లు కలిపితే ద్వారం వద్ద 2.04 వోల్టులు మిగులుతాయి. అంతకు ముందే భూమికి ఇంకొక రెసిస్టరు ఉంటే దానినీ లెక్కలోకి తీసుకోవాలి. ఇవి లెక్క చూపడానికి వేసిన అంకెలే. ఒకే పేరు గల యంత్రంలో కూడా లోపలి పలక తరచు మారుతూ ఉంటుంది కనుక, ఎవరికి వారు తమ యంత్రంలోని వోల్టేజిని కొలుచుకోవలసిందే. అనుభవజ్ఞులు ముందుగా తిప్పి మార్చుకొనే ప్రీసెట్ రెసిస్టరును సన్నని తీగలతో తగిలించి, కావలసిన శక్తి వచ్చేదాకా తిప్పి, దాని విలువ కొలిచి, అంతే విలువ గల స్థిరమైన రెసిస్టరును అతుకుతారు. రెసిస్టర్లు నువ్వుగింజ ప్రమాణంలో ఉంటాయి. భూతద్దం, సన్నని మొన గల సోల్డరింగ్ ఐరన్, వణకని చేయి మూడూ కావాలి. ద్వారం పక్కనే ఉండే చిన్న కెపాసిటరును మాత్రం కదిలించరాదు.

ఈ పద్ధతిలో వినికిడి ఏ మాత్రం తగ్గదు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. అయితే శక్తి పదో వంతయితే బ్యాటరీ పది రెట్లు వస్తుందని ఆశపడరాదు. చిప్పు, ముందరి ట్రాన్సిస్టర్లు తమ వాటా తాము తింటూనే ఉంటాయి. తలుపు పూర్తిగా దించినా ప్రసారం సున్నా కాదు. మూసిన గదిలోని దీపం సందుల గుండా కనిపించినట్లు, ముందరి ట్రాన్సిస్టరు శక్తిలో కొన్ని మిల్లీవాట్లు కారుతూనే ఉంటాయి. ఆ కారుడుకూ ఒక ఉపయోగం ఉన్నది, అది చివర చెబుతాను.

యాంటెన్నా ఊడదీసి మీట నొక్కితే శక్తి తగ్గుతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. బయటకు దారి లేని శక్తి వెనుకకు మళ్ళి చివరి ట్రాన్సిస్టరు మీదనే పడుతుంది. పరీక్షించేటప్పుడు యాంటెన్నాకు బదులు తరంగాన్ని బయటకు పోనీయక వేడిగా మార్చే కృత్రిమ భారం తగిలించాలి. ఒక వాటు తట్టుకొనే 510 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్లు పదింటిని పక్కపక్కన పొట్టి కాళ్ళతో కలిపితే 51 ఓమ్‌లు వస్తాయి. ఐదు వాట్లకు అది చాలు. దాని కొనల వద్ద ఒక షాట్కీ డయోడు, చిన్న కెపాసిటరు పెట్టి మల్టీమీటరుతో కొలిస్తే తరంగపు శిఖర వోల్టేజి తెలుస్తుంది. ఐదు వాట్లకు అది 22.4 వోల్టులు, అర వాటుకు 7.1, ఇరవయ్యో వంతు వాటుకు 2.2. డయోడు తనకోసం పావు వోల్టో, ఇంకొంచెం ఎక్కువో ఉంచుకొంటుంది, దానిని కలుపుకోవాలి. ఇంటిలో తయారయ్యే ఈ సాధనం కచ్చితత్వంలో ప్రయోగశాల మీటరుకు సాటి రాదు గాని, అర వాటుకు, రెండు వాట్లకు తేడా చెప్పడానికి నిస్సందేహంగా పనికివస్తుంది. అసలు యంత్రం పెట్టె మీద అచ్చువేసిన అంకెను కూడా దీనితో పరీక్షించుకోవచ్చు. ఒక్క 3.7 వోల్టుల సెల్లు గల 888ఎస్ వంటి రేడియో మీద ఐదు వాట్లని చూస్తే నాకు నవ్వు వస్తుంది.

ఈ కొలత చెప్పని సంగతి ఒకటున్నది. ప్రతి ప్రసారిణి తన పౌనఃపున్యంతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్ల వద్ద కూడా కొంత శక్తిని వెదజల్లుతుంది. 146 మెగాహెర్ట్జ్ వద్ద మాట్లాడుతున్న రేడియో 292, 438 మెగాహెర్ట్జ్‌ల వద్ద కూడా సన్నగా కూస్తూ ఉంటుంది. మంచి యంత్రంలో వడపోత దానిని అణచివేస్తుంది. చవుక యంత్రాలలో ఈ వడపోతే మొదటి పొదుపు. ద్వారపు వోల్టేజి తగ్గించినప్పుడు అసలు సంకేతం తగ్గినంతగా ఈ కూతలు తగ్గకపోవచ్చు, నిష్పత్తి మరింత చెడవచ్చు కూడా. ఇది స్పెక్ట్రమ్ ఎనలైజరు మీదనే కనిపిస్తుంది. కనుక అర వాటుకు దించిన ఐదు వాట్ల యంత్రం అర వాటు నిబంధనకు లోబడినట్లు చట్టం ఒప్పుకోదు. చట్టం ఆమోదించేది కర్మాగారం నుండి ఆ విధంగానే వచ్చి, పరీక్షకు నిలిచిన యంత్రాన్ని. మూత విప్పి మార్చే స్వేచ్ఛ అమెచ్యూర్ రేడియో లైసెన్సు పొందినవారికి, వారి పట్టీలలో మాత్రమే ఉన్నది. ఒమాన్‌లో ఈ విద్యకు మంచి గౌరవం ఉన్నది. రాయల్ ఒమానీ అమెచ్యూర్ రేడియో సంఘం 1972 నుండి ఉన్నది. స్వర్గీయ సుల్తాన్ ఖాబూస్ వారే ఏ41ఏఏ అనే సంకేత నామంతో లైసెన్సు పొందిన రేడియో ప్రియులు. భారతదేశంలో పన్నెండేళ్ళు నిండిన పిల్లలు అమెచ్యూర్ పరీక్షకు కూర్చోవచ్చును. సెలవులకు స్వదేశం వెళ్ళే మన పిల్లలకు ఇది తగిన వ్యాపకమని నా అభిప్రాయం.

లైసెన్సు గలవారు పిల్లలతో ఆడించగల ఆట ఒకటున్నది. దీనిని నక్కల వేట అంటారు. కొన్ని మిల్లీవాట్లు కారే ఒక రేడియోను, పైన చెప్పిన తూము మూసిన యంత్రాన్నే, ఒక బండ వెనుక దాచి, కొన్ని నిమిషాలకొకసారి తన సంకేత నామం పలుకుతూ ఉండేటట్లు అమర్చుతారు. పిల్లలు గ్రాహకాలతో దానిని వెతకాలి. ఐదు వాట్ల నక్క అయితే ఊరంతా ఒకే బలంతో వినిపిస్తుంది, వేటకు అర్థమే ఉండదు. గ్రాహకాన్ని రొమ్ముకు ఆనించుకొని నిలిచినచోటనే మెల్లగా గిరికీ తిరిగితే, మన శరీరమే తరంగానికి అడ్డుగోడ అవుతుంది. సంకేతం అన్నిటికంటె బలహీనమైన క్షణంలో నక్క మన వీపు వెనుక ఉన్నట్లు. వాడి కబీర్ కొండలలో ఈ ఆటకు ఇంకొక మెలిక ఉన్నది. నున్నని రాతి గోడలు తరంగాన్ని అద్దంలా తిప్పికొడతాయి కనుక, ఒక్కొక్కసారి నక్క ఎదుటి కొండ మీద ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. అప్పుడు ఇరవై అడుగులు పక్కకు జరిగి మళ్ళీ తిరిగి చూడాలి. నిజమైన దిక్కు దాదాపుగా అక్కడే ఉంటుంది. ప్రతిధ్వని దిక్కు మాత్రం చోటు మార్చినప్పుడల్లా మారిపోతుంది.